లైన్‌బ్యాకర్‌ను వెతికిన స్కౌట్లు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడి బయటికొచ్చే కుర్రాణ్ణి ఏ ప్రొఫెషనల్ జట్టూ నేరుగా బేరమాడి తీసుకోలేదు. ఏటా వసంతకాలంలో జరిగే డ్రాఫ్ట్‌లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్లు వంతులవారీగా పేర్లు చదువుతాయి. అంతకుముందు సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు, విజేతది చివరి వంతు. ఐపీఎల్ వేలంలోలాగా ఇక్కడ పాట ఉండదు. ఒకసారి పేరు చదివాక ఆ ఆటగాడితో ఒప్పందం మాట్లాడుకునే హక్కు ఆ ఒక్క జట్టుదే. డబ్బుతో ఎగబడే దారి లేదు కనుక ఎవరిని పిలవాలో పక్కవాడికన్నా బాగా తెలిసి ఉండాలి. దేశమంతా తిరిగి ఆ సంగతి కూపీ లాగేవాళ్లే స్కౌట్లు.

వాళ్లను ఎక్కువగా తికమక పెట్టిన స్థానాల్లో లైన్‌బ్యాకర్‌ది ముందు వరస. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ పక్షం మూడు అంచెలుగా నిలుస్తుంది. ముందు వరసలో భారీకాయులు ఎదుటివాళ్లతో తలపడతారు. అందరికన్నా వెనక వేగంగా పరుగెత్తే డిఫెన్సివ్ బ్యాకులు ఉంటారు. ఈ రెండింటి మధ్య, ముందు వరసకు నాలుగైదు గజాల వెనక నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బంతి కదిలిన క్షణంలోనే ఎదుటి జట్టు పరుగు తీయబోతోందా, పాస్ విసరబోతోందా అన్నది అతను పసిగట్టాలి. పరుగైతే తనకన్నా 40 కిలోలు ఎక్కువ బరువున్నవాణ్ణి విదిలించుకుని బంతి పట్టినవాణ్ణి పడగొట్టాలి. పాసైతే వెనక్కి తిరిగి, తనకన్నా చురుకైనవాడి వెంట పరుగెత్తాలి. ఒక్కోసారి రెండూ వదిలేసి నేరుగా, పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాలి. బరువును తూకం చెబుతుంది, వేగాన్ని గడియారం చెబుతుంది. ఆ మొదటి క్షణంలో అతని కళ్లు ఏం చూశాయో చెప్పే పరికరం మాత్రం స్కౌట్ల సంచిలో ఎన్నడూ లేదు. ఈ వృత్తి చరిత్రలో సగం ఆ వెలితి చుట్టూనే తిరిగింది.

డ్రాఫ్ట్ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్‌ది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఆటగాడు స్టాన్ కోస్ట్‌కా కోసం తన జట్టూ బ్రూక్లిన్ జట్టూ పోటాపోటీగా రేటు పెంచుకుంటూ పోయాయి, చివరికి బ్రూక్లిన్ తన్నుకుపోయింది. డబ్బున్న జట్లే ఎప్పుడూ గెలుస్తుంటే లీగ్ బతకదని బెల్ వాదించాడు. 1935 మేలో మిగతా యజమానులు ఒప్పుకున్నారు. మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో జరిగింది. 90 పేర్లు నల్లబల్ల మీద రాశారు, తొమ్మిది జట్లు తొమ్మిది రౌండ్లలో 81 మందిని ఎంచుకున్నాయి. స్కౌట్లు లేరు, నివేదికలూ లేవు. చాలామంది యజమానులకు తెలిసిందల్లా పత్రికల్లో చదివిందీ, తెలిసిన కోచ్‌లు చెప్పిందీ. మొట్టమొదటి పిలుపు అందుకున్న షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బెర్వాంగర్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఒక్క రోజూ ఆడలేదు. అప్పట్లో జట్లిచ్చే జీతం కన్నా ఉద్యోగమో వ్యాపారమో లాభసాటి.

ఆ గదిలో కాస్త ముందుచూపుతో వచ్చినవాడు న్యూయార్క్ జెయింట్స్ యజమాని కొడుకు, ఇంకా కాలేజీ వయసులోనే ఉన్న వెలింగ్టన్ మారా. ఊరూరి పత్రికలు, ఫుట్‌బాల్ మాసపత్రికలు తెప్పించుకుని, కత్తిరించి ఫైళ్లు కట్టేవాడు. ఆ ఏడాది రెండో రౌండ్లో జెయింట్స్ తీసుకున్న టఫీ లీమన్స్ అతని వెతుకులాట ఫలమే. లీమన్స్ తర్వాత ఈ ఆటలో మేటివాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. కాగితం కత్తిరింపులతో మొదలైన ఈ పని, జీతమిచ్చి మనిషిని ఊళ్ల మీదికి పంపే ఉద్యోగంగా మారడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1946లో క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలిన రామ్స్ జట్టు యజమాని డాన్ రీవ్స్, ఎడ్డీ కోటల్‌ను పూర్తికాలం స్కౌట్‌గా పెట్టుకున్నాడు. మిగతా జట్లు తొంగి చూడని చిన్న కాలేజీలకు కోటల్ వెళ్లేవాడు. లూసియానాలోని నల్లజాతి విద్యార్థుల కాలేజీ గ్రాంబ్లింగ్ నుంచి 1949లో ట్యాంక్ యంగర్‌ను రామ్స్ తెచ్చుకున్నారు. అలాంటి కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వచ్చిన మొదటి ఆటగాడు అతనే. డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని యంగర్, రామ్స్ తరఫున బంతి పట్టి పరుగెత్తే ఫుల్‌బ్యాక్‌గానూ లైన్‌బ్యాకర్‌గానూ ఆడాడు.

గడియారం పట్టుకొచ్చినవాడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్. 40 గజాల పరుగును సెకన్లలో కొలవడం అతనితోనే అలవాటైందని చెబుతారు. 40 గజాలంటే దాదాపు 37 మీటర్లు, బంతిని పంట్ కొడితే, అంటే కాలితో దూరంగా తన్నితే, అది పడేచోటికి ఆటగాడు పరుగెత్తాల్సినంత దూరం. ఆ లెక్కకూ లైన్‌బ్యాకర్ పనికీ సంబంధం తక్కువ. అతను ఆటలో తిన్నగా 40 గజాలు పరుగెత్తడం అరుదు. పదడుగులు అడ్డంగా జరిగి, ఆగి, దిశ మార్చుకోవడమే ఎక్కువ. అయినా ఒకసారి అంకె చేతికందాక దాన్ని ఎవరూ వదల్లేదు. ఇప్పటికీ లైన్‌బ్యాకర్ గురించి ఏ ఇద్దరు స్కౌట్లు మాట్లాడుకున్నా ముందుగా వచ్చేది ఆ సెకన్ల లెక్కే.

1950 దాకా లైన్‌బ్యాకర్ అనేవాడు ప్రత్యేకంగా తయారయ్యే ఆటగాడు కూడా కాదు. అప్పట్లో ఒకే మనిషి దాడిలోనూ రక్షణలోనూ ఆడేవాడు. ఆ ఏడాది ఆటగాళ్లను ఇష్టం వచ్చినట్లు మార్చుకునే నియమం స్థిరపడ్డాక రెండు పక్షాలూ విడిపోయాయి, ఒక్కో స్థానానికి ఒక్కో నిపుణుడు పుట్టుకొచ్చాడు. 1954లో ఈగిల్స్‌తో జరిగిన ఒక ఆటలో షికాగో బేర్స్ ఆటగాడు బిల్ జార్జ్, ముందు వరస మధ్యలో కూర్చోవాల్సినవాడు, తల మీదుగా వెళ్తున్న పాసులు చూసి విసిగి రెండడుగులు వెనక్కి లేచి నిలబడ్డాడనీ, మిడిల్ లైన్‌బ్యాకర్ స్థానం అలా పుట్టిందనీ అందరూ చెప్పుకునే కథ. ఇంకా ఒకరిద్దరు ఆటగాళ్ల పేర్లూ వినిపిస్తాయి కాబట్టి ఆ ఘనత మొత్తం జార్జ్‌కే కట్టబెట్టడం అంత సబబు కాదు. మార్పు మాత్రం నిజం.

ఆ మార్పును స్కౌట్లు ముందుగా ఊహించలేదు, ఊహించే వీలూ లేదు. జార్జ్‌ను బేర్స్ 1951లో రెండో రౌండ్లో తీసుకుంది ముందు వరసకోసం. 1956లో మూడో రౌండ్లో జెయింట్స్‌కు వచ్చిన శామ్ హఫ్ వెస్ట్ వర్జీనియాలో లైన్‌లో ఆడినవాడే. అతన్ని మధ్యకు జరిపి, ముందు నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు నిలిచే 4-3 అమరికకు ఇరుసుగా మార్చింది అప్పటి జెయింట్స్ రక్షణ కోచ్ టామ్ లాండ్రీ. డెట్రాయిట్‌కు పదమూడేళ్లు ఆడిన జో ష్మిట్ 1953లో ఏడో రౌండ్ దాకా మిగిలిపోయాడు. 1958లో గ్రీన్ బే మూడో రౌండ్లో పిలిచిన రే నిచ్కీ ఇల్లినాయ్‌లో ఫుల్‌బ్యాక్‌గా కూడా ఆడాడు. నలుగురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. 1959 చివర్లో హఫ్ బొమ్మ టైమ్ పత్రిక ముఖచిత్రమైంది, మరుసటి ఏడాది సీబీఎస్ అతని మీద డాక్యుమెంటరీ తీసింది. స్థానానికి పేరొచ్చాక ధరా వచ్చింది. 1965లో ఇల్లినాయ్ నుంచి వచ్చిన డిక్ బట్కస్‌ను బేర్స్ మొదటి రౌండ్లో, మొత్తం మీద మూడో పిలుపులోనే తీసుకుంది. అప్పట్నుంచి లైన్‌బ్యాకర్ అంటే బట్కస్‌లా ఉండాలన్న కొలబద్ద ఒకటి స్కౌట్ల మనసుల్లో పాతుకుపోయింది. ఆరడుగులు దాటిన ఎత్తు, వంద కిలోలు దాటిన బరువు, ఎదురొచ్చినవాణ్ణి కుదిపేసే దెబ్బ. తర్వాతి తరాన్ని ఈ కొలబద్దే చాలాసార్లు దారి తప్పించింది.

1960లో పోటీగా అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ పుట్టాక ఆటగాళ్లకోసం వేట ఖరీదైంది. ప్రత్యర్థి లీగ్ కంట పడకుండా కాలేజీ కుర్రాళ్లను హోటళ్లలో దాచిపెట్టిన రోజులవి. ఖర్చు తట్టుకోలేని జట్లు చేతులు కలిపాయి. 1963లో డెట్రాయిట్ లయన్స్, ఈగిల్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కలిసి లెస్టో అనే ఉమ్మడి స్కౌటింగ్ సంస్థ పెట్టుకున్నాయి. బేర్స్ చేరాక అది బ్లెస్టో అయింది. స్టీలర్స్ మాజీ ఆటగాడు జాక్ బట్లర్ దాన్ని దశాబ్దాలపాటు నడిపాడు. నివేదిక అందరికీ ఒకటే, దాన్ని చదివి తేల్చుకునే తీరు ఎవరిది వారిది.

ఆ తేల్చుకునే తీరును యంత్రానికి అప్పగించాలని చూసింది డాలస్ కౌబాయ్స్. 1960లో మొదలైన ఈ జట్టు మేనేజర్ టెక్స్ ష్రామ్, ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేస్తున్న సలాం ఖురేషీని కలిశాడు. ఖురేషీ భారతదేశంలో పుట్టి పెరిగిన గణాంక నిపుణుడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆయనకు బొత్తిగా తెలియదు. అదే కలిసొచ్చిందనాలి. ఆట తెలిసినవాళ్లు వాడుకునే మాటల్లో ఎంత గందరగోళం ఉందో ఆయనకు కనిపించింది. ఒక స్కౌట్ ‘చురుకు’ అంటే కాళ్ల వేగం, ఇంకొకడు అదే మాటంటే బుర్ర వేగం. మాటలకు కొలత లేకపోతే కంప్యూటర్‌కు ఇచ్చేదేమీ ఉండదు. ఎత్తు, బరువు, పరుగు వేగం ఎలాగూ అంకెలే. అంకెలు కానివాటిని శీలం, కదలికల వడి-శరీరం మీద అదుపు, పోటీతత్వం, మానసిక చురుకుదనం, బలం-విస్ఫోటక శక్తి అని ఐదు పద్దుల కింద సర్దారు. స్కౌట్లు ఒక్కో వాక్యానికీ ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వేయాలి. ఏ స్కౌట్ ఉదారంగా అంకెలేస్తాడో, ఎవరు పిసినారో లెక్కగట్టి సరిదిద్దుకునే పద్ధతి కూడా ఉండేది. కౌబాయ్స్ స్కౌటింగ్ పెద్ద గిల్ బ్రాండ్ట్ దీన్ని ఏళ్ల తరబడి వాడాడు. ఈ విధానం గొప్పతనం కంప్యూటర్‌లో లేదు. ‘మంచి కుర్రాడు, బాగా కొడతాడు’ అని రాసి ఊరుకునే స్కౌట్‌ను, ఎలా బాగా కొడతాడో విడదీసి చెప్పమని నిలదీయడంలో ఉంది.

అదే కాలంలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ నడిచిన దారి ఇందుకు పూర్తిగా ఎదురు. నల్లజాతి పత్రిక పిట్స్‌బర్గ్ కూరియర్‌లో క్రీడా సంపాదకుడిగా పనిచేసిన బిల్ నన్ 1960ల చివర్లో ఆ జట్టుకు స్కౌట్‌గా వచ్చాడు. ఇతర స్కౌట్లకు తలుపులు అంతగా తెరుచుకోని దక్షిణాది నల్లజాతి కాలేజీల్లో అతనికి కోచ్‌లంతా పాత పరిచయస్తులే. 1974లో స్టీలర్స్ మొదటి ఐదు రౌండ్లలో తీసుకున్నవాళ్లలో నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్ చేరారు. వారిలో లైన్‌బ్యాకర్ జాక్ లాంబర్ట్ ఒకడు, ఒహాయోలోని కెంట్ స్టేట్ నుంచి రెండో రౌండ్లో, 46వ పిలుపులో వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తుకు 92 కిలోల బరువు చాలదని చాలా జట్లు పక్కన పెట్టాయి. లాంబర్ట్‌ను స్టీలర్స్ స్కౌట్ చూడబోయిన రోజు మైదానం పాడై, జట్టు బొగ్గుచిట్టెం పరిచిన పార్కింగ్ స్థలంలో సాధన చేస్తోందట. అలాంటి నేల మీద ఎవరూ పడి ఆడరు. లాంబర్ట్ మాత్రం దూకి ఒకణ్ణి పడగొట్టి, లేచి, చర్మంలో గుచ్చుకున్న చిట్టెం ఏరుకుంటూ తన చోటికి తిరిగి నడిచాడని ఆ జట్టు వారు తర్వాత చాలాసార్లు చెప్పారు. తొమ్మిది అంకెల పట్టికలో ‘పోటీతత్వం’ పద్దు కింద పడాల్సిన సంగతే అది. కాకపోతే దాన్ని చూడటానికి ఆ రోజు అక్కడ ఒక మనిషి నిలబడి ఉండాల్సి వచ్చింది.

లైన్‌బ్యాకర్ ఎంపిక ఎంత చిక్కో తెలియాలంటే 1981 డ్రాఫ్ట్ ఒక్కటి చూస్తే చాలు. ఆ ఏడాది కాలేజీల నుంచి బయటికొచ్చిన లైన్‌బ్యాకర్లలో నలుగురు చివరికి హాల్ ఆఫ్ ఫేమ్ చేరారు. వాళ్లు డ్రాఫ్ట్‌లో తేలిన చోట్లు 2, 38, 51. నాలుగోవాణ్ణి ఎవరూ పిలవలేదు.

రెండో పిలుపు లారెన్స్ టేలర్‌ది. నార్త్ కరోలినాలో మొదట ముందు వరసలో ఆడి, తర్వాత లైన్‌బ్యాకర్‌గా మారాడు. 107 కిలోల మనిషి వెనకవరస వాడిలా పరుగెత్తడం అప్పటిదాకా కొలబద్దలో లేని వింత. అయినా గుర్తుపట్టడం కష్టం కాలేదు, ఆఖరి ఏడాది 16 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. జెయింట్స్‌లో చేరిన తొలి సీజన్‌లోనే లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడయ్యాడు. 38వ పిలుపులో బేర్స్‌కు వెళ్లిన మైక్ సింగిల్‌టరీ కథ వేరు. బేలర్‌లో ఆడేటప్పుడు ఎదుటివాళ్లను గుద్దే ఊపుకు 16 హెల్మెట్లు పగిలాయన్న ప్రచారం ఉన్నవాడు. ఆరడుగులు లేకపోవడమే అతని లోటు. పాస్ వేసే పరిస్థితిలో పనికిరాడని తొలినాళ్లలో బేర్స్ అతన్ని బయట కూర్చోబెట్టేవారు. పట్టుబట్టి ఆ పనీ నేర్చుకుని, 1985 బేర్స్ రక్షణకు కేంద్రమయ్యాడు. బంతి కదలకముందు ఎదుటి అమరికను గుచ్చి గుచ్చి చూసే అతని కళ్లు టీవీ కెమెరాలకు ఇష్టమైన దృశ్యం. స్కౌట్లు కొలవలేకపోయిన గుణం కూడా సరిగ్గా అదే. 51వ పిలుపులో న్యూ ఆర్లిన్స్ సెయింట్స్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి రిక్కీ జాక్సన్‌ను తెచ్చుకుంది.

నాలుగోవాడు శామ్ మిల్స్. న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ చిన్న కాలేజీ, అతని ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. పన్నెండు రౌండ్లలో ఒక్క జట్టూ పేరెత్తలేదు. బ్రౌన్స్ శిబిరంలో ఆడించి చూసి పంపేశారు, కెనడాలో టొరంటో జట్టూ వద్దంది. మిల్స్ హైస్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ గడిపాడు. 1983లో కొత్తగా మొదలైన మరో ప్రొఫెషనల్ లీగ్ యుఎస్‌ఎఫ్‌ఎల్‌లో ఫిలడెల్ఫియా స్టార్స్ అతన్ని తీసుకుంది. ఆ జట్టు కోచ్ జిమ్ మోరా 1986లో సెయింట్స్‌కు వెళ్తూ మిల్స్‌ను వెంట తీసుకెళ్లాడు. అక్కడ మిల్స్, జాక్సన్, వాన్ జాన్సన్, ప్యాట్ స్విలింగ్ కలిసి నిలిచిన నలుగురి వరసను లీగ్ చరిత్రలోని మేటి లైన్‌బ్యాకర్ దళాల్లో ఒకటిగా లెక్కిస్తారు. 1992 సీజన్‌కు నలుగురూ లీగ్‌లోని మేటి ఆటగాళ్ల పోటీ అయిన ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. 2005లో కన్నుమూసిన మిల్స్ పేరు 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. మిల్స్ విషయంలో స్కౌట్ల టేపు తప్పు చెప్పలేదు, అతను నిజంగానే పొట్టి. ఆ కొలత నుంచి వాళ్లు తీసిన తీర్మానమే తప్పు.

1982లో మరో మార్పు వచ్చింది. అప్పటిదాకా ఏ జట్టుకాజట్టు ఆటగాళ్లను విమానంలో రప్పించి వైద్య పరీక్షలు చేయించుకునేది. ఒకే మోకాలికి పది ఊళ్లలో పది ఎక్స్‌రేలు. ఆ వృథా తగ్గించడానికి టాంపాలో 163 మందిని ఒకచోట చేర్చారు. మూడేళ్ల తర్వాత అన్ని జట్లూ ఉమ్మడిగా ఒకే శిబిరానికి ఒప్పుకున్నాయి. కంబైన్ అని పిలిచే ఈ శిబిరం 1987లో ఇండియానాపొలిస్‌కు తరలి అక్కడే స్థిరపడింది. వైద్యం కోసం పుట్టిన శిబిరం క్రమంగా 40 గజాల పరుగు, 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరన్న లెక్క, ఎత్తు గెంతు, దిశ మార్చే పరుగులతో పోటీ పరీక్షలా తయారైంది. పరీక్ష ఉంటే కోచింగ్ రాకుండా ఉంటుందా? 1995లో బోస్టన్ కాలేజీ ఆటగాడు మైక్ మమూలా అచ్చంగా ఈ కసరత్తులకే సాధన చేసి వచ్చి అదరగొట్టాడు. ఈగిల్స్ ఎదురు పిలుపులు ఇచ్చి మరీ ఏడో స్థానానికి ఎగబాకి అతన్ని తీసుకుంది. మమూలా చెడ్డ ఆటగాడేమీ కాదు, ఆ స్థానానికి తగ్గవాడు మాత్రం కాదు. ఆ ఏడో స్థానం ఇచ్చి వెనక్కి జరిగిన టాంపా బే 12వ పిలుపులో వారెన్ శాప్‌ను, అదే రౌండ్ చివర్లో 28వ పిలుపులో లైన్‌బ్యాకర్ డెరిక్ బ్రూక్స్‌ను దక్కించుకుంది. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

మరుసటి ఏడాదీ కథ పెద్దగా మారలేదు. 1996లో జాక్సన్‌విల్ రెండో పిలుపులోనే లైన్‌బ్యాకర్ కెవిన్ హార్డీని తీసుకుంది, అతను మంచి ఆటగాడే. 26వ పిలుపులో బాల్టిమోర్ రేవెన్స్ మయామీ నుంచి రే లూయిస్‌ను, ఐదో రౌండ్లో 154వ పిలుపులో మయామీ డాల్ఫిన్స్ టెక్సస్ టెక్ నుంచి జాక్ థామస్‌ను తెచ్చుకున్నాయి. ఆ తరం మేటి మిడిల్ లైన్‌బ్యాకర్లలో ఈ ఇద్దరూ నిలిచారు. థామస్ కూడా ఆరడుగులు లేనివాడే. సింగిల్‌టరీ హాల్ ఆఫ్ ఫేమ్ దారిలో ఉన్న రోజుల్లోనే అదే లోపం చూపి మరొకణ్ణి ఐదో రౌండ్ దాకా వదిలేశారు.

2000 తర్వాత ఆట పాస్ వైపు మొగ్గింది. మధ్యలో నిలబడి ఢీకొట్టే బరువైన బట్కస్ తరహా మనిషికి పని తగ్గి, వెనక్కి పరుగెత్తి పాసులను అడ్డుకోగలవాడికి గిరాకీ పెరిగింది. 2009లో ఏ లోపమూ లేనివాడని, ఆ డ్రాఫ్ట్‌లో భయపడక్కర్లేని ఎంపిక అని పేరుబడ్డ ఆరన్ కరీని సియాటిల్ నాలుగో పిలుపులో తీసుకుంది. మూడో సీజన్ ముగియకముందే అతన్ని ఓక్లాండ్‌కు ఇచ్చేసింది. అదే సియాటిల్ 2012లో 47వ పిలుపులో బాబీ వాగ్నర్‌ను తీసుకుంది. న్యుమోనియా వల్ల అతను కంబైన్‌కే రాలేదు. తర్వాతి దశాబ్దమంతా లీగ్‌లో అగ్రశ్రేణి లైన్‌బ్యాకర్‌గా నిలిచాడు. నాలుగేళ్ల వయసులో ఎడమ చేయి కోల్పోయిన షాకీమ్ గ్రిఫిన్ 2018లో 40 గజాలను 4.38 సెకన్లలో పరుగెత్తి కంబైన్‌ను నివ్వెరపరిచాడు. జట్లు ఆ అంకెను చూశాయి, చేతినీ చూశాయి. ఐదో రౌండ్లో 141వ పిలుపు వచ్చింది. అదే డ్రాఫ్ట్‌లో 70వ పిలుపులో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిన ఫ్రెడ్ వార్నర్ కాలేజీలో అంచున ఆడినవాడు, ఇక్కడ మధ్యకు జరిపారు. పాస్ రక్షణలో ఇవాళ్టి లైన్‌బ్యాకర్లను పోల్చి చూసేది అతనితోనే.

బుర్రను కొలిచే ప్రయత్నాలూ ఆగలేదు. 1930లలో ఉద్యోగుల ఎంపిక కోసం తయారైన వండర్లిక్ పరీక్షను, పన్నెండు నిమిషాల్లో 50 ప్రశ్నలు, లాండ్రీ డాలస్ కోచ్‌గా ఉన్న కాలం నుంచి జట్లు వాడుతూ వచ్చాయి. 2022లో కంబైన్ నుంచి దాన్ని తీసేశారు. పదాల, లెక్కల ప్రశ్నలకు జవాబు రాయడానికీ 11 మంది కదలికను క్షణంలో చదవడానికీ పొత్తు లేదన్నది చాలాకాలంగా ఉన్న విమర్శే. స్కౌట్లు ఈ గుణం కోసం ఆధారపడేది ఇప్పటికీ వీడియోనే. మైదానం మొత్తం, ఆటగాళ్లందరూ కనిపించే కోణం నుంచి తీసిన ఆటను ముందుకూ వెనక్కూ తిప్పుతూ, బంతి కదిలాక లైన్‌బ్యాకర్ మొదటి అడుగు ఎటు పడింది, ఎంత ఆలస్యంగా పడింది, మోసపు కదలికకు ఎన్నిసార్లు లొంగాడు అని లెక్కపెట్టుకుంటారు. 1990లో డిగ్రీ పూర్తికాని ఆటగాళ్లకూ డ్రాఫ్ట్ తలుపు తెరిచాక అలా చూడగల ఆటల సంఖ్య తగ్గింది.

స్థానానికి ఉన్న ధర కూడా రెండుగా చీలింది. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే టేలర్ తరహావాళ్లను ఇప్పుడు ‘ఎడ్జ్’ అని వేరే పట్టీలో రాసి డ్రాఫ్ట్ ఆరంభంలోనే పిలుస్తున్నారు. వెనక నిలిచి ఆటను చదివేవాళ్లు చాలాసార్లు రెండు, మూడు రౌండ్లకు జారుతున్నారు. 2021లో పెన్ స్టేట్ నుంచి వచ్చిన మైకా పార్సన్స్‌ను డాలస్ 12వ పిలుపులో తీసుకున్నది వెనక నిలిచే లైన్‌బ్యాకర్‌గానే. రెండో వారం ఆటకు ముందు సాధనలో ఆ జట్టు ముందు వరస ఆటగాడు డిమార్కస్ లారెన్స్ పాదం విరిగింది. మనుషుల్లేక పార్సన్స్‌ను అంచుకు జరిపారు. ఆ తొలి సీజన్‌లోనే అతను 13 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు, తర్వాత ఎడ్జ్ ఆటగాడిగానే స్థిరపడ్డాడు.